సర్వహక్కులు గ్రంథకర్తవి

పాత తెలుగు పుస్తకం తెరిస్తే పేరు పుట వెనుక తరచుగా ఒక చిన్న వాక్యం కనిపిస్తుంది. కొన్నిటిలో "సర్వహక్కులు గ్రంథకర్తవి" అని, మరి కొన్నిటిలో "సర్వస్వామ్య సంకలితము" అని అచ్చువేసి ఉంటుంది. మన ఆదివారపు తెలుగు తరగతిలో ఒక పిల్లవాడు ఆ వాక్యం మీద వేలు పెట్టి, దీని అర్థమేమిటని అడిగాడు. చెప్పాము. వెంటనే రెండవ ప్రశ్న వేశాడు. "ఈ పుస్తకం ఇంటర్నెట్టులో డబ్బు లేకుండా దొరుకుతోంది గదా. హక్కులు ఆయనవైతే అక్కడ పెట్టింది ఎవరు? ఆయనను అడిగారా?"

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సరైన జవాబు ఇవ్వలేకపోయాము. తరువాత తీరికగా చదివి, తెలిసినవారితో మాట్లాడి తెలుసుకున్న సంగతులను ఇక్కడ వ్రాస్తున్నాము. ఇది లాయర్లకే సంబంధించిన విషయమని పాఠకులు పుట తిప్పివేయవద్దని మనవి. ఇందులో మన ఇంటి సంగతి కూడా ఉన్నది.

మన సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. ఫిజీలో చెరకు తోటల మధ్య పుట్టి పెరిగి, భజన పాటలు తానే కట్టి పాడేవారు. ఆ పాటలను కొన్ని వందల ప్రతులుగా స్వంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నారు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, ఇక్కడ కాలిఫోర్నియాలో, ఆయన మనుమరాలికి ఆ పుస్తకం ఇంటర్నెట్టులో కనిపించింది. పాటలన్నీ ఉన్నాయి. అట్ట లేదు, పేరు పుట లేదు, కట్టినవారి పేరు ఎక్కడా లేదు. ఆయన భార్య ఆ సంగతి విని మాతో అన్నది ఒకటే మాట: "డబ్బు ఎవరికి కావాలి నాయనా? ఒక్క మాట అడిగితే నేను వద్దంటానా? ఆయన పేరు తీసేశారే, అదే నా బాధ."

ఆమె మాటలో రెండు విషయాలు ఉన్నాయి. ఒకటి అడగడం, రెండవది పేరు. ఈ రెండింటి కోసమే అమెరికాలో పాతికేళ్ళుగా పెద్ద పెద్ద వ్యాజ్యాలు నడిచాయి.

కాగితం వేరు, హక్కు వేరు

మొదట ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. పుస్తకం కొన్నవాడికి కాగితం సొంతమవుతుంది గాని, అందులోని రచన సొంతం కాదు. కొన్న పుస్తకాన్ని స్నేహితుడికి ఇవ్వవచ్చు, తిరిగి అమ్ముకోవచ్చు, గ్రంథాలయానికి దానం చేయవచ్చు. అందుకు ఎవరినీ అడగనక్కరలేదు. ఈ సంగతిని అమెరికా సుప్రీంకోర్టు 1908లో తేల్చి చెప్పింది. ఒక ప్రచురణ సంస్థ తన నవలలో, ఒక డాలరుకు తక్కువకు అమ్మరాదని అచ్చు వేసింది. న్యూయార్కులో మేసీస్ దుకాణం వారు దానిని 89 సెంట్లకు అమ్మారు. మొదటిసారి అమ్మిన తరువాత ఆ ప్రతి మీద ప్రచురణకర్త అదుపు ఉండదని కోర్టు తీర్పు ఇచ్చింది. మన గ్రంథాలయాలు అద్దె కట్టకుండా పుస్తకాలు ఎరువు ఇవ్వగలగడం ఈ సూత్రం వల్లనే.

అయితే ప్రతి తీయడం వేరు. ఒక పుస్తకాన్ని రెండు చేయడానికి, వంద చేయడానికి హక్కుదారుని అనుమతి కావాలి. ఇంటర్నెట్టులో చిక్కంతా ఇక్కడే వచ్చింది. కాగితపు పుస్తకం ఒకరికి ఇస్తే మన చేతిలో ఉండదు. కంప్యూటరులో పుస్తకం ఒకరికి పంపితే మన దగ్గరా ఉంటుంది, వారి దగ్గరా ఉంటుంది. అక్కడ ఇవ్వడమంటేనే ప్రతి తీయడం. అందుచేత పాత గ్రంథాలయ సూత్రం అక్కడ యథాతథంగా పనిచేయదు.

ఈ హక్కు ఎంతకాలం ఉంటుంది? అమెరికాలో 1790 నాటి మొదటి చట్టం 14 సంవత్సరాలు ఇచ్చింది. గ్రంథకర్త బ్రతికి ఉంటే మరి 14 సంవత్సరాలు పొడిగించుకోవచ్చు. 1976లో చేసి 1978 జనవరి 1 నుంచి అమలుపరచిన చట్టం దానిని గ్రంథకర్త జీవితకాలము, ఆపైన 50 సంవత్సరాలుగా మార్చింది. 1998లో ఆ 50ని 70 చేశారు. పాత పుస్తకాలకు లెక్క ప్రచురణ సంవత్సరం నుంచి 95 సంవత్సరాల దాకా పోవచ్చు.

భారతదేశంలో 1957 నాటి చట్టం ప్రకారం గ్రంథకర్త మరణించిన తరువాత 50 సంవత్సరాలు ఉండేది. రవీంద్రనాథ ఠాగూరు 1941లో పోయారు గనుక ఆయన రచనల హక్కు 1991తో ముగియవలసి ఉన్నది. అప్పుడు లేచిన చర్చ ఫలితంగా ఆ గడువును 60 సంవత్సరాలకు పెంచారు. ఆ లెక్కన 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి వీరేశలింగం గారి రచనలు ఎప్పుడో అందరి సొత్తు అయినాయి. 1976లో పోయిన విశ్వనాథ సత్యనారాయణ గారి రచనలకు 2036 చివరి వరకు, 1979లో పోయిన చలం గారి వాటికి 2039 చివరి వరకు, 1983లో పోయిన శ్రీశ్రీ గారి వాటికి 2043 చివరి వరకు హక్కు ఉంటుంది.

ఇక్కడ మనవంటి ప్రవాసులకు మరొక మెలిక ఉన్నది. ఒక పుస్తకం 1940లో అచ్చయి, గ్రంథకర్త 1950లో పోయారనుకుందాము. భారతదేశంలో అది 2011 నుంచి అందరిదీ. అమెరికాలో మాత్రం, 1996 జనవరి 1 నాటికి స్వదేశంలో హక్కు బ్రతికి ఉన్న విదేశీ పుస్తకాలకు ఇక్కడ కూడా హక్కు తిరిగి కల్పించినందువలన, అది 2035 చివరి దాకా హక్కు గల పుస్తకమే. హైదరాబాదులో తప్పు కానిది శాక్రమెంటోలో తప్పు కావచ్చు.

పది లక్షల పుస్తకాలు

పుస్తకాలను ఉచితంగా కంప్యూటరులో పెట్టాలన్న ఆలోచన అమెరికాలో 1971లో మొదలైంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే యువకుడు అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను టైపు చేసి కంప్యూటరులో పెట్టాడు. అదే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్. ఆ సంస్థ ముఖ్యంగా హక్కు గడువు తీరిన పుస్తకాలనే పెడుతూ వచ్చింది గనుక పెద్ద తగాదా లేకుండా పెరిగింది.

తెలుగు పుస్తకాల విషయంలో మనం తలచుకోవలసిన పేరు రాజ్ రెడ్డి గారిది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు. పది లక్షల పుస్తకాలను స్కాను చేసి ప్రపంచానికి ఉచితంగా అందించాలని 2000 తరువాత ఆ విశ్వవిద్యాలయం చేపట్టిన పథకానికి ఆయన ముందుండి నడిపించిన వ్యక్తి. ఇండియా, చైనా, ఈజిప్టు దేశాల సంస్థలు కలిసి పనిచేశాయి. బెంగుళూరు, హైదరాబాదులలో స్కానింగు కేంద్రాలు నడిచాయి. 2007 నాటికి పుస్తకాల సంఖ్య 15 లక్షలు దాటింది. ఇందులో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేలకొలది తెలుగు పుస్తకాలు బయటికి వచ్చాయి.

ఈ మేలు సామాన్యమైనది కాదు. పుల్లతో పొడిస్తే పొడి అయిపోయే కాగితాలు, చెదలు సగం తిన్న పత్రికలు, ఒకే ఒక ప్రతి మిగిలిన పుస్తకాలు ఆ పథకం వల్ల బ్రతికాయి. మా తరగతిలో సగం పాఠాలు అక్కడినుంచి తెచ్చుకున్నవే. ఈ మాట దాచుకోకుండా చెప్పాలి.

అడగడం సంగతి ఏమిటి? విశ్వవిద్యాలయపు గ్రంథాలయం వారు ప్రచురణకర్తలకు ఉత్తరాలు వ్రాసి అనుమతులు కోరారు. కొందరు ఇచ్చారు, కొందరు వద్దన్నారు. కొందరి నుంచి జవాబు లేదు, కొందరి చిరునామాయే దొరకలేదు. ఒక్కొక్క పుస్తకానికి విడివిడిగా అడిగితే ఖర్చు విపరీతమనీ, ప్రచురణకర్తను పట్టుకుని అతని పుస్తకాలన్నిటికీ ఒకేసారి అడిగితే తేలిక అనీ వారికి అనుభవంలో తెలిసింది. ఇంత పెద్ద పనిలో హక్కు ఇంకా ఉన్న భారతీయ పుస్తకాలు కూడా కలిసిపోయాయి. కాపీరైటు చిక్కులు చుట్టుకొని, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పాత చిరునామా 2017 ప్రాంతంలో మూతపడింది. ఆ పుస్తకాల ప్రతులు ముందే శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవులోకి చేరినందువలన నేటికీ చదువుకోగలుగుతున్నాము.

"వద్దంటే తీసేస్తాము" అన్న వాదం

ఇదే కాలంలో గూగుల్ సంస్థ పెద్ద గ్రంథాలయాలతో ఒప్పందాలు చేసుకుని పుస్తకాలు స్కాను చేయసాగింది. 1912లో ఏర్పడిన అమెరికా రచయితల సంఘం, ఆథర్స్ గిల్డ్, 2005లో దావా వేసింది. 2008లో 12 కోట్ల 50 లక్షల డాలర్ల రాజీ కుదిరింది. ఆ రాజీ ప్రకారం, ఇష్టం లేని రచయితలు ముందుకు వచ్చి వద్దని చెప్పుకోవాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్లే లెక్క. 2011లో న్యాయమూర్తి డెన్నీ చిన్ దీనిని త్రోసిపుచ్చారు. తన హక్కు కాపాడుకోవడానికి రచయిత పరుగెత్తుకు రావలసిన ఏర్పాటు న్యాయం కాదనీ, వాడుకోదలచినవారే అడిగేటట్లు మార్చితే చాలా అభ్యంతరాలు తీరుతాయనీ ఆయన అభిప్రాయపడ్డారు.

ఆ తరువాత వ్యాజ్యం రాజీ లేకుండా సాగింది. గూగుల్ మొత్తం పుస్తకాన్ని చూపడం లేదు, వెతికిన మాట చుట్టూ ఉన్న రెండు మూడు పంక్తులే చూపుతున్నది. ఇది న్యాయమైన వాడకమేనని 2013లోను, పై కోర్టులో 2015లోను తీర్పు వచ్చింది. 2016లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. అంటే పుస్తకంలో ఏమున్నదో వెతికిపెట్టడం ఒకటి, పుస్తకాన్నే చేతికి ఇవ్వడం మరొకటి అని తేలింది.

రెండవ పెద్ద వ్యాజ్యం ఇంటర్నెట్ ఆర్కైవు మీద వచ్చింది. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఈ సంస్థ లాభం కోసం నడిచేది కాదు. హక్కు ఉన్న పుస్తకాలను కూడా ఒక పద్ధతిలో ఎరువు ఇచ్చేది. తమ దగ్గర ఎన్ని కాగితపు ప్రతులు ఉంటే ఒకేసారి అంతమందికే స్కాను ప్రతి ఇవ్వడం, గడువు తీరగానే అది మూసుకుపోవడం. కాగితపు గ్రంథాలయం చేసేదే మేమూ చేస్తున్నామని వారి వాదం.

వారు ఇలా చేయడానికి ఒక కారణం ఉన్నది. ఈనాటి గ్రంథాలయాలకు ఎలక్ట్రానిక్ పుస్తకాలు సొంతం కావు. గడువు పెట్టి అద్దెకు ఇచ్చినట్లు ఇస్తారు. హార్పర్‌కాలిన్స్ సంస్థ 2011లో 26 సార్లు ఎరువు ఇచ్చిన తరువాత గ్రంథాలయం మళ్ళీ కొనాలని నియమం పెట్టింది. కాగితపు పుస్తకానికి ఇటువంటి నియమం లేదు గదా.

2020 మార్చి 24న, కోవిడ్ వల్ల బళ్ళు, గ్రంథాలయాలు మూతపడినప్పుడు, ఆర్కైవు వారు "ఎన్ని ప్రతులు ఉంటే అంతమందికే" అన్న కట్టు తాత్కాలికంగా తొలగించారు. సుమారు 14 లక్షల పుస్తకాలు ఎందరికైనా ఒకేసారి దొరికాయి. ఇష్టం లేని రచయితలు వ్రాస్తే తీసివేస్తామన్నారు. ఆథర్స్ గిల్డ్ తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. పుస్తక దుకాణాలు మూతపడి రచయితల సంపాదన పడిపోయిన ఆ నెలల్లోనే తమ పుస్తకాలను అడగకుండా పంచిపెట్టడమేమిటని వారి బాధ. జూన్ 1న హాచెట్, హార్పర్‌కాలిన్స్, పెంగ్విన్ రాండమ్ హౌస్, వైలీ అనే నాలుగు సంస్థలు 127 పుస్తకాలను ఉదాహరణగా చూపి దావా వేశాయి. ఆ నెల మధ్యలోనే ఆర్కైవు పాత కట్టుకు తిరిగి వచ్చింది. కాని దావా ఆ అత్యవసర కాలానికే పరిమితం కాలేదు. 2023 మార్చి 24న న్యాయమూర్తి జాన్ కోయెల్ట్, 2024 సెప్టెంబరు 4న పై కోర్టు ప్రచురణకర్తల పక్షాన తీర్పు ఇచ్చారు. ఒక్కొక్కరికే ఎరువు ఇచ్చినా, పూర్తి పుస్తకపు ప్రతిని అనుమతి లేకుండా పంచడమేనని ఆ తీర్పు సారాంశం. ఆర్కైవు వారు సుప్రీంకోర్టుకు పోలేదు. 5 లక్షలకు పైగా పుస్తకాలు ఎరువు జాబితా నుంచి తొలగిపోయాయి.

ఈ కేసులో రచయితలందరూ ఒక వైపే లేరన్న సంగతి గమనించాలి. 2014లో ఏర్పడిన ఆథర్స్ అలయన్స్ అనే మరొక రచయితల సంఘం ఆర్కైవుకు మద్దతుగా కోర్టులో వాదన దాఖలు చేసింది. పుస్తకం చదవబడడమే మాకు ముఖ్యం, దుకాణంలో లేని మా పాత పుస్తకాలకు గ్రంథాలయమే దిక్కు అని అటువంటి రచయితల మాట. జీతం మీద బ్రతికే ఆచార్యునికి పాఠకులు కావాలి. పుస్తకం మీదనే బ్రతికే నవలాకారునికి పాఠకులతోపాటు రాబడి కావాలి. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఈ నిర్ణయం ఎవరికి వారు చేసుకోవలసినదని మా అభిప్రాయం.

తామే ఇచ్చిన రచయితలు

హక్కు ఉండడమంటే ఇవ్వకపోవడమని కాదు. ఇచ్చే అధికారం కూడా ఆ హక్కులోనిదే.

ఎరిక్ ఎల్డ్రెడ్ అనే ఆయన పాత పుస్తకాలను ఉచితంగా ఇంటర్నెట్టులో పెట్టేవారు. 1998 చట్టం గడువు పెంచినందువలన 1923లో అచ్చయిన పుస్తకాలు మరి 20 ఏళ్ళు అందకుండా పోయాయి. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2003 జనవరిలో 7-2 తేడాతో ఓడిపోయారు. ఆయన తరపున వాదించిన ఆచార్య లారెన్స్ లెస్సిగ్, మరి కొందరు కలిసి 2001లో క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ పెట్టారు. చట్టం మారకపోతే, ఇవ్వాలనుకునే రచయిత అయినా సులభంగా ఇవ్వగలగాలని వారి ఉద్దేశం.

2002 డిసెంబరులో వారు కొన్ని అనుమతి పత్రాలు తయారు చేశారు. అందులో రచయిత ఎంచుకొనే షరతులు నాలుగు. నా పేరు చెప్పాలి. అమ్ముకోరాదు. మార్చరాదు. మార్చినట్లయితే అదే షరతుల మీద ఇతరులకు ఇవ్వాలి. ఈ నాలుగింటిలో తనకు కావలసినవి కలుపుకోవచ్చు. 2003 జనవరిలో కోరీ డాక్టరో తన మొదటి నవల "డౌన్ అండ్ అవుట్ ఇన్ ది మ్యాజిక్ కింగ్‌డమ్"ను కాగితం మీద అమ్మకానికి పెట్టిన నాడే ఈ పత్రంతో ఉచితంగా కూడా విడుదల చేశారు. కొందరు తెలుగు రచయితలు కూడా తమ పుస్తకాలను ఇటువంటి అనుమతితో తెలుగు వికీసోర్సుకు ఇచ్చారు.

ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ అనుమతి ఒకసారి ఇస్తే, దాని ప్రకారం పుస్తకం తీసుకున్నవారి నుంచి వెనక్కు తీసుకోవడం కుదరదు. నోటి నుంచి జారిన మాట వంటిదే. అందుచేత ఆలోచించి ఇవ్వాలి.

గిర్మిట్టు గుర్తుంచుకోవాలి

రచయిత ఇవ్వదలచుకున్నా ఇవ్వలేని సందర్భం ఒకటి ఉన్నది. హక్కులను అప్పటికే వ్రాసి ఇచ్చివేసి ఉండడం.

1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి వచ్చిన మన పూర్వులు ఒక కాగితం మీద వేలిముద్ర వేశారు. దానిలో ఏమున్నదో చదివి వినిపించినవారు తక్కువ, అర్థమైనవారు ఇంకా తక్కువ. ఆ "అగ్రిమెంటు" అన్న మాటే మన నోట గిర్మిట్టు అయింది. అయిదేళ్ళ గడువులో ఎంత అనుభవించారో మన ఇళ్ళలో చెప్పుకుంటూనే ఉన్నాము. మారిషస్, నాటాల్ వెళ్ళిన మన బంధువుల కథ కూడా దాదాపు ఇదే. పుస్తకపు ఒప్పందాన్ని ఆ కష్టంతో పోల్చడం లేదు. చదవకుండా సంతకం పెట్టరాదన్న పాఠం మాత్రం మనకు వేరెవరూ నేర్పనక్కరలేదు.

చట్టం రచయితకు కొంత ఆసరా ఇచ్చింది. భారతదేశపు చట్టం ప్రకారం హక్కుల బదలాయింపు వ్రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలానికో వ్రాయకపోతే అయిదేళ్ళకే అని లెక్క. ఏ ప్రాంతానికో వ్రాయకపోతే భారతదేశానికే అని లెక్క. ఒప్పందం నాటికి వాడుకలో లేని కొత్త సాధనాలకు, ఒప్పందంలో ప్రత్యేకంగా చెప్పకపోతే, ఆ బదలాయింపు వర్తించదని 2012లో సవరణ చేశారు.

అమెరికాలో 1978 తరువాత రచయిత స్వయంగా వ్రాసి ఇచ్చిన హక్కులను, సాధారణంగా 35 సంవత్సరాలకు, ముందుగా నోటీసు ఇచ్చి తిరిగి తీసుకోవచ్చు. ఎన్నటికీ తీసుకోనని ఒప్పందంలో వ్రాసినా ఈ హక్కు పోదు. 2001లో న్యూయార్కు కోర్టులో మరొక మంచి తీర్పు వచ్చింది. కర్ట్ వానెగట్, విలియం స్టైరన్, రాబర్ట్ పార్కర్ అనే రచయితలు తమ ఎలక్ట్రానిక్ పుస్తకాల హక్కును రోజెట్టా బుక్స్ అనే కొత్త సంస్థకు ఇచ్చారు. పాత ప్రచురణకర్త రాండమ్ హౌస్ అభ్యంతరం చెప్పింది. "పుస్తక రూపంలో" అచ్చు వేసే హక్కు ఇచ్చినంత మాత్రాన ఎలక్ట్రానిక్ రూపం ఇచ్చినట్లు కాదని న్యాయమూర్తి రాండమ్ హౌస్ కోరిన తాత్కాలిక ఉత్తర్వును నిరాకరించారు. మరుసటి సంవత్సరం పై కోర్టు దానిని సమర్థించింది. అంటే పాత ఒప్పందం ఉన్నవారు దిగులు పడి ఊరుకోకుండా ఆ కాగితం తీసి మళ్ళీ చదవాలి.

అమెరికా ఏర్పాటులో ఒక లోపం కూడా చెప్పుకోవాలి. గ్రంథాలయంలో పుస్తకం ఎరువు పోయినప్పుడల్లా రచయితకు ప్రభుత్వం కొంత సొమ్ము ఇచ్చే పద్ధతి బ్రిటనులో 1979 చట్టంతో వచ్చింది. ఇక్కడ అది లేదు. ఉచితంగా చదివే పాఠకుడు, బ్రతకవలసిన రచయిత పోట్లాడుకోకుండా ఉండే మార్గాలు ప్రపంచంలో ఉన్నాయని దీనివల్ల తెలుస్తుంది.

పేరు సంగతి కూడా ఇటువంటిదే. భారతదేశపు చట్టంలో హక్కులు అమ్ముకున్నా రచన తనదని చెప్పుకొనే హక్కు రచయితకు మిగిలి ఉంటుంది. అమెరికాలో 1990 చట్టం ఈ రక్షణను చిత్రాలు, శిల్పాల వంటి వాటికే ఇచ్చింది. పుస్తకాలకు ఇవ్వలేదు. మన పెద్దావిడ బాధకు ఇక్కడి చట్టంలో నేరుగా జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మరొక గిరాకీ కూడా వచ్చింది. మనుషుల వలె వ్రాసే యంత్రాలకు నేర్పడానికి కంపెనీలకు పుస్తకాలు లక్షలకొలది కావాలి. ఆంథ్రోపిక్ అనే కంపెనీ మీద రచయితలు వేసిన దావాలో, కొన్న పుస్తకాలతో నేర్పడం న్యాయమైన వాడకమే గాని దొంగ గ్రంథాలయాల నుంచి దింపుకుని దాచుకోవడం కాదని 2025 జూన్‌లో న్యాయమూర్తి విలియం ఆల్సప్ అన్నారు. ఆ సెప్టెంబరులో 150 కోట్ల డాలర్ల రాజీ ప్రకటించారు. సుమారు 5 లక్షల పుస్తకాలకు ఒక్కొక్కదానికి 3,000 డాలర్ల లెక్క. అమెరికాలో పుస్తకం నమోదు అయి ఉండడం ఆ జాబితాలో చేరడానికి ఒక షరతు. నమోదు ఎందుకని ఉదాసీనంగా ఉండేవారు ఈ ఒక్క సంగతి గమనిస్తే చాలు.

మనం చేయవలసినది

మేము ఈ విషయంలో రెండు ఒడ్డుల మీదా నిలబడినవారము. తరగతికి పుస్తకాలు దొరకని రోజుల్లో వాచకాలకు ఫోటోకాపీలు తీసి పంచాము, ఎవరినీ అడగలేదు. ఇప్పుడు మన పెద్దల పుస్తకాన్ని ఇతరులు అడగకుండా తీసుకుంటే నొచ్చుకున్నాము. అందుచేత ఇతరులకు చెప్పే ముందు మనమే కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలని మా మనవి.

మొదటిది, హక్కు ఉన్న పుస్తకానికి అడుగుదాము. తెలుగు రచయితలు, వారి పిల్లలు అందనంత దూరంలో లేరు. చెరకు తోటల వారి మనుమలు తెలుగు నేర్చుకోవడానికి అడుగుతున్నారంటే కాదనేవారు తక్కువే ఉంటారు. కాదంటే మానుకుందాము.

రెండవది, ఎవరిని అడగాలో తెలియని పుస్తకాన్ని చెదలకు వదలవద్దు. స్కాను తీసి భద్రపరుద్దాము, వివరాలు వ్రాసి ఉంచుదాము, హక్కుదారుల కోసం వెతుకుదాము. భద్రపరచడము, ఊరంతా పంచడము ఒకటి కావని గుర్తుంచుకుందాము.

మూడవది, ఏ పుస్తకం స్కాను తీసినా అట్ట నుంచి అట్ట వరకు తీయాలి. పేరు పుట, ముద్రణాలయం పేరు, సంవత్సరం, అంకితం, అన్నీ ఉండాలి.

నాల్గవది, మన ఇళ్ళలో పాటల పుస్తకాలు, సావనీర్లు, జ్ఞాపకాలు అచ్చు వేసినవారు, వేయబోయేవారు తమ ఇష్టాన్ని పుస్తకంలోనే స్పష్టంగా అచ్చు వేయాలి. "ఉచితంగా పంచవచ్చు, పేరు తీయరాదు, అమ్మరాదు" అని వ్రాసినా సరే, "అడగనిదే పంచరాదు" అని వ్రాసినా సరే. తమ తరువాత ఎవరిని అడగాలో కుటుంబంలో ఒకరి పేరు కూడా చెప్పి ఉంచాలి. వాషింగ్టనులోని కాపీరైటు కార్యాలయంలో నమోదు చేయించడం మంచిది. రచన చేసిన క్షణం నుంచే హక్కు ఉన్నప్పటికీ, ఇక్కడ అచ్చయిన పుస్తకానికి నమోదు లేనిదే కోర్టుకు పోవడం కుదరదు.

అయిదవది, అడగకుండా పెట్టినవారు కనిపిస్తే మొదట మర్యాదగా ఉత్తరం వ్రాయాలి. 1998 నాటి మరొక చట్టం ప్రకారం, ఇటువంటి నోటీసు అందిన తరువాత ఆ పుస్తకాన్ని తొలగించకపోతే, దానిని తమ కంప్యూటర్లలో ఉంచిన సంస్థలకే చిక్కు వస్తుంది.

పెద్దావిడ విషయంలో మేము చేసినది ఇంతే. ఆమె దగ్గర మిగిలిన ఒక ప్రతిని ఆమె ఎదుటనే పూర్తిగా స్కాను తీశాము. ఎవరైనా పాడుకోవచ్చు, పంచుకోవచ్చు, కట్టినవారి పేరు మాత్రం తీయరాదని ఆమె చెప్పగా వ్రాసి, చదివి వినిపించి, సంతకం చేయించాము. ఆ కాగితాన్ని పుస్తకానికి మొదటి పుటగా చేర్చాము. పేరు లేని ప్రతి ఉన్నచోటికి ఉత్తరం వ్రాసి, దానికి బదులు ఈ ప్రతి పెట్టమని కోరాము. జవాబు ఇంకా రాలేదు.

తరగతిలో అడిగిన పిల్లవాడికి ఆ పుట చూపించాము. "ఈసారి అడిగారన్నమాట" అన్నాడు. మన సంఘంలో ఇటువంటి పుస్తకాలు ఇంకా ఎన్ని ఇళ్ళలో, ఎన్ని పెట్టెల అడుగున ఉన్నాయో. ఉన్నవారు దయచేసి తీసుకురండి. ఆ పుస్తకం గురించి మీ ఇష్టం ఏమిటో కూడా వ్రాసి తీసుకురండి. అది లేకుండా మేము స్కాను తీసినదేదీ బయట పెట్టము.